దుబాయ్‌లో ఓవర్‌టైమ్ (ఓటీ) ఆగిందా? బరంపురం నుంచి వెళ్లినవాళ్లు వరసగా చేయాల్సిన పనులు

దుబాయ్‌లో పనులు మందగించాయంటే ఒడిశాలోని బరంపురంలో నా ఫోన్ మోగుతూనే ఉంటుంది. "అన్నయ్యా, వచ్చేయమంటారా, ఇంకొన్నాళ్లు చూడమంటారా?" అని అడుగుతారు. నేను అందరికీ చెప్పేది ఒకటే. రావడమా ఉండడమా అన్నది తర్వాత ఆలోచిద్దాం. కంపెనీ మీకు ఇవ్వాల్సిందంతా మీరు అక్కడ ఉండగానే, వీసా నడుస్తుండగానే రాబట్టుకోండి. ఒకసారి విమానం ఎక్కేశాక ఆ డబ్బు కోసం దుబాయ్‌లో మీ తరఫున తిరిగే మనిషి ఉండడు.

దుబాయ్‌లో కార్మికులు ఉండే సోనాపూర్ క్యాంపులో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీకి నేను టైమ్‌కీపర్‌గా చేశాను. 2008 చివర్లో మొదలైన మాంద్యాన్ని అక్కడే చూశాను. 2009 నవంబర్ 25న అక్కడి ప్రభుత్వ కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పుల వాళ్లను గడువు అడిగేసరికి ప్రపంచ మార్కెట్లన్నీ ఉలిక్కిపడ్డాయి. మా క్యాంపుకి మాత్రం అది పాత కబురే. అప్పటికే సముద్రంలో దీవి కట్టే పామ్ జెబెల్ అలీ లాంటి పెద్ద పనులు ఆగిపోయాయి, క్రేన్లు ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. డిసెంబర్‌లో అబూధాబీ వెయ్యి కోట్ల డాలర్లు సర్దింది. 2010 జనవరి 4న బుర్జ్ ఖలీఫా తెరిచారు. ఊరు మెల్లగా తేరుకుంది. కానీ మా క్యాంపు నుంచి వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి రావాల్సిన డబ్బు రానేలేదు. అది మళ్లీ మన పిల్లలకు జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పే చట్టం యూఏఈది, అంటే దుబాయ్, అబూధాబీ, షార్జాలాంటి చోట్లది. సౌదీ, ఖతర్, కువైట్ లెక్కలు వేరు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు యూఏఈలోనే వేరే చట్టం ఉంది.

ముందు గుర్తులు పట్టుకోండి

కంపెనీ కష్టాల్లో ఉందని మేనేజరు వచ్చి చెప్పడు. టైమ్‌షీట్ చెబుతుంది. మొదట ఓటీ గడి ఖాళీ అవుతుంది. ఆ తర్వాత సెలవు రోజు డ్యూటీలు పోతాయి. సైట్‌కి వెళ్లే బస్సులు తగ్గి, కొందరిని క్యాంపులోనే స్టాండ్‌బై అని కూర్చోబెడతారు. స్టోర్‌లో కొత్త సేఫ్టీ షూ అడిగితే వచ్చే నెల చూద్దాం అంటారు. లేబర్ కార్డు గడువు దగ్గరపడుతున్నా, వీసా కాగితాలు చూసే పీఆర్వో పట్టించుకోడు. చివరికి జీతం తేదీ జరుగుతుంది.

వీటిలో రెండు మూడు ఒకేసారి కనిపిస్తే ఇక ఆలస్యం చేయొద్దు. ఆ వారంలోనే కాగితాలు సర్దుకోండి. లేబర్ కాంట్రాక్ట్, ఎమిరేట్స్ ఐడీ, పాస్‌పోర్టు, వీసా పేజీ, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ఫొటో తీసి ఇంట్లో ఒకరికి వాట్సాప్‌లో పంపండి. ఫోన్ పోయినా కాగితం ఉంటుంది. కాంట్రాక్ట్ మీ దగ్గర లేకపోతే కార్మిక మంత్రిత్వ శాఖ యాప్‌లో కనిపిస్తుంది. యాప్ చూడడం రాకపోతే ఆ శాఖ పనులు చేసిపెట్టే తస్‌హీల్ సెంటర్ దగ్గర్లో ఉంటే అక్కడికి వెళ్లి అడగండి. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంటే తీసేసుకోండి. మీ పాస్‌పోర్టు అట్టిపెట్టుకునే హక్కు యజమానికి లేదు.

హాజరు పట్టీని కూడా రోజూ ఫొటో తీసుకోండి. టైమ్‌కీపర్‌గా చేసినవాడిని కాబట్టి చెబుతున్నాను. తగాదా వచ్చినప్పుడు అందరి కన్నా గట్టి సాక్ష్యం ఆ పట్టీయే. స్టాండ్‌బైలో కూర్చోబెట్టినా వెళ్లి సంతకం పెట్టండి. పని లేదు కదా అని గదిలో పడుకున్నవాణ్ణి పనికి రాకుండా పారిపోయాడని రిపోర్ట్ చేస్తే, మీకు రావాల్సిన డబ్బు సంగతి పక్కకు పోయి, ఆ కేసు నుంచి బయటపడడమే పెద్ద పనవుతుంది.

బేసిక్ ఎంతో చూసుకోండి

మనవాళ్లు నెల జీతం ఎంతో చెబుతారు గానీ అందులో బేసిక్, అంటే అలవెన్సులు తీసేసిన మూల జీతం ఎంత అంటే తడుముకుంటారు. మాంద్యంలో మిమ్మల్ని కాపాడేది బేసిక్కే. పని ముగిసినప్పుడు సర్వీసుకి ఇచ్చే గ్రాట్యుటీ దాని మీదే కడతారు. వాడుకోని సెలవుల డబ్బూ దాని మీదే.

2022 ఫిబ్రవరి 2 నుంచి నడుస్తున్న చట్టం ప్రకారం, ఏడాది నిండినవాళ్లకు మొదటి 5 ఏళ్లకు ఏటా 21 రోజుల బేసిక్, ఆపైన ప్రతి ఏడాదికీ 30 రోజుల బేసిక్ వస్తుంది. జీతం లేని సెలవు రోజులు సర్వీసులో కలపరు. ఒక లెక్క వేద్దాం. అలవెన్సులతో కలిపి 1,500 దిర్హాములు వస్తున్నాయి, అందులో బేసిక్ 900, సర్వీసు 7 ఏళ్లు అనుకోండి. రోజుకి బేసిక్ 30 దిర్హాములు. 21 రోజులకు 630, 5 ఏళ్లకు 3,150. మిగతా రెండేళ్లకు 900 చొప్పున 1,800. మొత్తం 4,950 దిర్హాములు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ లెక్క చివరి బేసిక్ మీద వేస్తారు. పనులు తగ్గగానే కంపెనీ వచ్చి, "అందరికీ ఉద్యోగాలు ఉండాలంటే జీతాలు కొంచెం తగ్గించుకుందాం, ఈ కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టండి" అంటుంది. బేసిక్ 900 నుంచి 700కి దిగిందనుకోండి. నెలకి 200 పోయిందనే అనుకుంటాం. కానీ అదే మనిషి గ్రాట్యుటీ 3,850కి పడిపోతుంది. ఎప్పుడో పనిచేసిన ఏళ్ల డబ్బు కూడా కలిపి 1,100 దిర్హాములు ఒక్క సంతకంతో పోయాయి. మీరు ఒప్పుకోకుండా జీతం తగ్గించడానికి వీల్లేదు. తగ్గక తప్పని పరిస్థితే అయితే అలవెన్సులో తగ్గించమనండి, లేదా ఇప్పటివరకూ అయిన గ్రాట్యుటీ పాత బేసిక్ మీదే ఇస్తామని రాసిమ్మనండి. రాయడానికి వెనకాడుతున్నారంటే వాళ్ల ఉద్దేశం మీకు తెలిసిపోయినట్టే.

మూడు సంతకాల దగ్గర ఆగండి

మొదటిది లాంగ్ లీవ్. 2009లో ఆ జాబితాలు నా టేబుల్ మీదే టైప్ అయ్యాయి. పనులు మొదలవగానే పిలుస్తాం, వీసా అలాగే ఉంటుంది, హాయిగా ఇంటికి వెళ్లి రండి అనేవారు. జీతం ఉండదు. ఉద్యోగం తీసేయలేదు కాబట్టి గ్రాట్యుటీ ఇవ్వరు. యూఏఈ బయట 6 నెలలకు పైగా ఉండిపోతే మామూలు రెసిడెన్స్ వీసా చెల్లదు. మనిషి గోపాలపూర్ రేవులో వలలు బాగుచేసుకుంటూ పిలుపు కోసం చూస్తుంటాడు, అక్కడ వీసా దానంతటదే చచ్చిపోతుంది.

ఆ జాబితాలో గోపాలపూర్ నుంచి వచ్చిన వాడబలిజ కుర్రాడొకడు ఉండేవాడు. రిగ్గర్, అంటే బరువులు కట్టి క్రేన్‌తో ఎత్తించే పని. పెద్దగా చదువుకోలేదు. నా టేబుల్ ముందు నిలబడి, "అన్నయ్యా, నాకు సెలవొద్దు. లెక్క తేల్చి పంపమను. మళ్లీ పిలిస్తే కొత్త కాంట్రాక్ట్ మీద వస్తాను" అన్నాడు. క్యాంప్ బాస్ అరిచాడు. వాడు కదల్లేదు, గొంతూ పెంచలేదు. చివరికి క్యాన్సిలేషన్ చేసి, డబ్బు కట్టి, టికెట్ ఇచ్చి పంపారు. వాడితో ఒకే గదిలో ఉండి సెలవు మీద వెళ్లిన మిగతావాళ్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి నాకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. అందుకే చెబుతున్నాను, లాంగ్ లీవ్ అంటే తిరిగి రావాల్సిన తేదీ, రానూపోనూ టికెట్, సర్వీసు కొనసాగుతుందన్న మాట కాగితం మీద ఉండాలి. అవి లేని సెలవు కన్నా లెక్క తేల్చుకుని రావడమే మేలు.

రెండోది రాజీనామా. తీసేస్తే రికార్డులో పడుతుంది, మీరే రాజీనామా రాస్తే గౌరవంగా ఉంటుంది అని మెత్తగా చెబుతారు. రాయకండి. కంపెనీ తీసేస్తే కనీసం 30 రోజుల నోటీసు గానీ దాని జీతం గానీ ఇవ్వాలి. దానితోపాటు 2023 జనవరి 1 నుంచి ఉద్యోగం పోయినవాళ్లకు ఇన్సూరెన్సు ఉంది, ఐఎల్‌ఓఈ అంటారు. బేసిక్ 16,000 దిర్హాములు దాటనివాళ్లు నెలకి 5 దిర్హాములు కడితే చాలు. వరసగా 12 నెలలు కట్టి ఉంటే, పని పోయాక 3 నెలల వరకూ బేసిక్‌లో 60 శాతం ఇస్తారు. పని పోయిన 30 రోజుల్లోపు క్లెయిమ్ పెట్టాలి. రాజీనామా చేసినవాళ్లకు అది రాదు. దేశం విడిచి వచ్చేసినా రాదు. బేసిక్ 900 ఉన్నవాడికి నెలకి 540 అంటే చిన్న మొత్తమే. కానీ అక్కడే ఇంకో కంపెనీ వెతుక్కునేవాడికి గది అద్దె, మెస్ డబ్బు ఇంటి నుంచి తెప్పించుకోనక్కర్లేదు. తీసేస్తున్నట్టు కారణంతో ఉత్తరం ఇవ్వమని అడగండి.

మూడోది క్యాన్సిలేషన్ కాగితం. ఒక పక్క అరబిక్, ఒక పక్క ఇంగ్లిష్. మధ్యలో ఎక్కడో నాకు రావాల్సిన బకాయిలన్నీ అందాయి అని ఒక వాక్యం ఉంటుంది. కింద సంతకం చోటు. వెనక యాభైమంది లైన్లో ఉంటారు, ఆఫీసు బాయ్ పెన్ను చేతిలో పెట్టి "జల్దీ, జల్దీ" అంటాడు. చదవడం రాకపోతే ఫొటో తీసి చదివిపెట్టేవాళ్లకి పంపండి, ఆ అయిదు నిమిషాలు లైన్ ఆగితే ఆగనీ. డబ్బు ఖాతాలో పడిందని బ్యాంకు మెసేజ్ వచ్చాకే సంతకం. రేపు ఎయిర్‌పోర్టులో కవర్ ఇస్తాం అన్న మాట నమ్మొద్దు. కాంట్రాక్ట్ ముగిసిన 14 రోజుల్లోపు మొత్తం కట్టాలని చట్టమే చెబుతోంది. ఆ మొత్తంలో మిగిలిన జీతం, ఓటీ, నోటీసు, సెలవుల డబ్బు, గ్రాట్యుటీ అన్నీ విడివిడిగా రాసి ఉన్నాయా చూడండి. మీ తప్పు లేకుండా పని పోయి, మీరు ఇంకో కంపెనీలో చేరకపోతే ఇంటికి టికెట్ కూడా వాళ్లదే. అనుభవ పత్రం డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి, అది తప్పకుండా అడిగి పుచ్చుకోండి.

జీతం ఆగిపోతే

గడువు దాటి 15 రోజులైనా జీతం పడలేదంటే ఆలస్యమైనట్టే లెక్క. అందరూ కలిసి పని ఆపేద్దాం అని గదిలో ఎవరో ఒకరు లేస్తారు. ఆ మాట వినొద్దు. అక్కడ సమ్మె చట్టవిరుద్ధం, దేశం నుంచి పంపించేస్తారు, చేతిలో రూపాయి లేకుండా రావాల్సి వస్తుంది. పనికి వెళ్తూనే మంత్రిత్వ శాఖకి ఫిర్యాదు పెట్టండి. యాప్‌లో పెట్టొచ్చు, 80084కి ఫోన్ చేసి పెట్టొచ్చు. పదిమందికీ ఒకే బాకీ ఉంటే పదిమందీ ఎవరి ఫిర్యాదు వాళ్లు పెట్టండి. ఒకరు వెనక్కి తగ్గినా మిగతావాళ్ల కేసు నిలబడుతుంది.

ముందు ఇద్దరినీ పిలిచి రాజీకి ప్రయత్నిస్తారు. 50,000 దిర్హాముల వరకూ ఉన్న తగాదాని 2024 నుంచి మంత్రిత్వ శాఖే తేల్చేస్తుంది. అంతకన్నా పెద్దదైతే కోర్టుకి పంపుతారు. లక్ష దిర్హాములు దాటని కార్మికుల దావాలకు కోర్టు ఫీజు లేదు. ఫిర్యాదు పెట్టాడన్న కోపంతో ఉద్యోగం తీసేస్తే అదీ తప్పే, దానికి 3 నెలల జీతం వరకూ పరిహారం వేయొచ్చు. యజమాని తాళం వేసి పారిపోయినా అంతా అయిపోయిందనుకోవద్దు. కార్మికుల బకాయిల కోసం కంపెనీలు బ్యాంకు గ్యారంటీ గానీ ఇన్సూరెన్సు గానీ పెట్టి ఉంచాలి, అందులోంచి రావచ్చు. అయితే ఫిర్యాదు రికార్డులో ఉన్నవాడికే.

ఈలోగా తిండికి, గదికి ఇబ్బంది అయితే దుబాయ్‌లో మన కాన్సులేట్ నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 80046342 మీద ఫోన్ చేయండి. 2009లోనే పెట్టిన భారతీయ సంక్షేమ నిధి ఒకటి ఉంది. నిజంగా దిక్కులేని పరిస్థితిలో బస, టికెట్, లాయర్ సాయం దాని నుంచి ఇస్తారు. పాస్‌పోర్టు పోతే ఇంటికి రావడానికి ఇచ్చే తాత్కాలిక పత్రం, ఔట్‌పాస్ కూడా కాన్సులేట్‌లోనే.

వీసా క్యాన్సిల్ అయ్యాక ఎన్ని రోజులు ఉండొచ్చో మీ కాగితం మీదే చూడండి. పక్క గదివాడికి ఇచ్చిన గడువు మీకూ ఉంటుందనుకోవద్దు. ఆ తేదీ దాటితే రోజుకి 50 దిర్హాముల జరిమానా. ఖల్లివల్లిగా, అంటే వీసా లేకుండా దొంగచాటుగా ఉండిపోయి, ఎప్పుడో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) వస్తుందని చూసేవాళ్లను ఎరుగుదును. 2018లో వచ్చింది, 2020లో కరోనా అప్పుడు జరిమానాలు మాఫీ చేశారు, మళ్లీ 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో ఒళ్లు బాగాలేకపోయినా ఆసుపత్రికి వెళ్లలేక, కన్నవాళ్లు పోయినా రాలేక గడిపారు. అలాంటి బతుకు ఎవరికీ వద్దు.

అక్కడి బ్యాంకు అప్పు

2009లో కార్లు ఎయిర్‌పోర్టులో వదిలేసి వెళ్లిపోయినవాళ్ల కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో ఇక్కడిదాకా బ్యాంకు ఏం వస్తుందిలే అనుకునేవారు. ఇప్పుడు వస్తుంది. 2020 జనవరిలో మన ప్రభుత్వం యూఏఈ సివిల్ కోర్టు తీర్పులను ఇక్కడి కోర్టుల్లో అమలు చేయొచ్చని నోటిఫై చేసింది. దుబాయ్ కోర్టు డిక్రీ పట్టుకుని మన జిల్లా కోర్టుకి వస్తే ఇల్లు కూడా ఇరుక్కుంటుంది. పర్సనల్ లోన్, క్రెడిట్ కార్డు ఉంటే పని పోయిందని బ్యాంకుకి మీరే వెళ్లి చెప్పి, వాయిదాలు తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. తీరిపోయాక అప్పు లేదని లెటర్ తీసుకోండి. కేసుంటే ట్రావెల్ బ్యాన్ పడి ఎయిర్‌పోర్టులోనే ఆగిపోతారు. అనుమానం ఉంటే టికెట్ కొనకముందే కనుక్కోండి.

బరంపురంలో ఉన్నవాళ్లు చేయాల్సింది

చెల్లెమ్మా, ఈ భాగం నీ కోసం. ఆయన ఫోన్‌లో "పని కొంచెం స్లాక్‌గా ఉంది" అన్నాడంటే నిజానికి చాలా స్లాక్‌గా ఉందనే అర్థం చేసుకో. ఇంట్లోవాళ్లకి టెన్షన్ ఎందుకని తగ్గించి చెబుతారు. ఆ రోజే స్లాబు పని ఆపించు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పటి నుంచి రేకులిల్లు తీసేసి స్లాబు వేసుకోవాలన్న తొందర మన వీధుల్లో ఎక్కువైంది. అందులో తప్పు లేదు. కానీ పిల్లర్ల మీద ఆగిన ఇల్లు ఒక ఏడాది అలాగే ఉంటే మునిగిపోయేదేమీ లేదు. నూటికి మూడు వడ్డీకి తెచ్చి స్లాబు వేస్తే ఆ వడ్డీయే ఆయన్ని అక్కడ ఏ కాగితం మీద పడితే ఆ కాగితం మీద సంతకం పెట్టిస్తుంది. నేను క్యాంపులో చూసింది అదే. ఇంటి నుంచి వడ్డీ ఫోన్ వచ్చినవాడు మర్నాడే ఎంతిస్తే అంత పుచ్చుకుని వచ్చేసేవాడు.

కాబట్టి ముందు వీసాకి చేసిన వడ్డీ అప్పు తీర్చు. చేతిలో డబ్బు లేకపోతే బంగారం బ్యాంకులో పెట్టి ఆ అప్పు కట్టెయ్, బ్యాంకు వడ్డీ ఎంతో తక్కువ. మిషన్ శక్తి మహిళా గ్రూపులో ఉంటే అక్కడ అడుగు. పిల్లల ఫీజు, మందులు, తిండి ఒక పుస్తకంలో రాసి, మూడు నెలలకు ఎంత కావాలో ఆయనకి చెప్పు. "మూడు నెలలు మేం చూసుకుంటాం, నువ్వు లెక్క తేల్చుకునే రా" అని ఇంటి నుంచి ఒక్క మాట వెళ్తే అక్కడ మనిషికి వెన్ను నిలబడుతుంది. మన ఊరి జాతర, ఠాకురాణి యాత్రకి రమ్మని బలవంతం చేయకు. కేసు నడుస్తున్నప్పుడు వస్తే ఆ కేసు అక్కడే ఆగిపోతుంది.

తప్పనిసరిగా ముందే రావాల్సి వస్తే, వచ్చేముందు దుబాయ్‌లోనే నోటరీ దగ్గర నమ్మకమైన మనిషికి గానీ లాయర్‌కి గానీ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రమ్మను. ఇక్కడికి వచ్చాక అదే కాగితం చేయించాలంటే నోటరీ, భువనేశ్వర్, విదేశాంగ శాఖ, యూఏఈ ఎంబసీ అని ఒక్కో ముద్రకీ డబ్బూ రోజులూ పోతాయి.

ఇంకో చిక్కుంది. మనం తెలుగువాళ్లం కాబట్టి ఇచ్ఛాపురం, సోంపేట బంధువులు ఆంధ్రా ప్రభుత్వం ప్రవాసుల సంస్థకి ఫోన్ చేయమంటారు. మన పాస్‌పోర్టు మీద ఉన్నది గంజాం జిల్లా, ఒడిశా. అర్జీ ఛత్రపురం కలెక్టరేట్‌కి వెళ్లాలి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా ఒడిశా అనే ఎంచుకోవాలి. అర్జీలో పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, రావాల్సిన మొత్తం, ఫిర్యాదు నంబరు ఉంటే చాలు. కష్టాలన్నీ నాలుగు పేజీలు రాయనక్కర్లేదు, చదివే గుమాస్తాకి ఆ నాలుగు వివరాలే కావాలి.

వచ్చేశాక

ఫిట్టర్, రిగ్గర్, వెల్డర్ అయితే చేతిలో పని ఉన్నట్టే. ఛత్రపురం ఐఆర్ఈఎల్, రాయగడ జిల్లాలో ఉత్కళ్ అల్యూమినా, దామన్‌జోడి నాల్కో, కళింగనగర్ స్టీలు ప్లాంట్లు, ఆ పక్క విశాఖ. వీటిలో షట్‌డౌన్ పనులు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు, కాంట్రాక్టర్ల ద్వారా వస్తాయి. గల్ఫ్ అనుభవ పత్రం చూపిస్తే కూలి రేటు మాట్లాడుకోవచ్చు. హెల్పర్లకి ఇది కష్టమే. సూరత్ మగ్గాలకి వెళ్లిపోదామనుకునే ముందు, ఖాళీగా ఉన్న నెలల్లో వెల్డింగో స్కాఫోల్డింగో నేర్చుకుంటే మళ్లీ వెళ్లేటప్పుడు బేసిక్ మారుతుంది.

మాంద్యంలో అందరికన్నా ఎక్కువ తిరిగేది ఏజెంట్లే. విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్చేస్తాం అంటారు. ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి ఆజాద్ వీసా అంటారు. కంబోడియా, మయన్మార్‌లో కంప్యూటర్ పని అంటారు. అలా వెళ్లినవాళ్లను బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారు. ఈ మూడు మాటల్లో ఏది విన్నా లేచి వచ్చేయండి. ఏజెంట్‌కి లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. లైసెన్సు ఉన్నవాడు తీసుకోగల గరిష్ఠ ఫీజు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతే. దానికి రసీదు ఇవ్వాలి. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది కాబట్టి వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకునే వెళ్లాలి, దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకి 275 రూపాయలు, మూడేళ్లకి 375, పైన పన్ను. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అవిటి అయినా 10 లక్షలు వస్తాయి. ఆ పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడ పెట్టారో ఇంట్లోవాళ్లకి చెప్పి వెళ్లండి. కొత్త ఆఫర్ లెటర్ వచ్చినప్పుడు మొత్తం జీతం కన్నా ముందు బేసిక్ ఎంత రాశారో చూడండి, అది అర్థం కాకపోతే సంతకానికి ముందు నాకు పంపినా సరే, చదివి చెబుతాను.